కాకి వదిలిన వడ

నా భార్య పోయి ఏడాదైన రోజున మిద్దె మీద ముగ్గురం ఆకలితో నిలబడ్డాం: నేను, ఆమె అక్క, ఆమె తమ్ముడు. కాకి తినేదాకా మేం తినకూడదు. అంతవరకు వంట రుచి చూడనూ కూడదు. కాకి వచ్చి పిట్టగోడ మీద ఆకులో పెట్టిన వడను ఒకసారి పొడిచి, ముక్కు గోడకు తుడుచుకుని వేపచెట్టు మీదికి పోయింది.

"పొడిచింది కదక్కా," అన్నాడు బావమరిది.

"తినలేదు కదరా. చెల్లెలి మనసులో ఏందో కురై ఉండాది, ఏదో తీరలే."

కింద నా భార్య పెంచిన తెల్ల వేటకుక్క మొరిగింది. సాయంత్రం మంసాపురం రైతు వచ్చి దాన్ని తోటకు తీసుకుపోవాలి. ఏర్పాటు వదినది. "నీకే వండుకోను చేతగాదు, దానికేం పెడతావప్పా?" అంది ఆమె. కుక్క పోతే ఇంట్లో నా భార్య అడుగుల చప్పుడు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగులుతాను.

వడను ముక్కలు చేస్తానని ఆకు దగ్గరికి వెళ్ళాను. నోట్లో పెట్టుకోనిదే నా భార్య ఏ మామిడిపళ్ళవాడి మాటా నమ్మేది కాదు. వాళ్ళకు వీపు తిప్పి వేలు నాకాను. ఒకటే ఉప్పు. కాకి తప్పేమీ లేదు.

"కుక్కను పంపేది చిన్నక్కకి ఇష్టం లేదేమో," అన్నాడు బావమరిది.

బాగా చదివినవాణ్ణని మావాళ్ళలో నాకు పేరు. అలాంటివాడు మాట్లాడకపోతే దానికీ ఒక విలువ ఉంటుంది. మాట్లాడలేదు.

వదిన చెట్టు వైపు చూసి అరిచింది: "సెరి! కుక్క ఈడనే ఉంటాది. వచ్చి తినమ్మా!"

నేను వడను పక్కకు జరిపి, నెయ్యి అన్నం ముందుకు తోశాను. కాకి దిగి తిన్నది. వదిన కళ్ళు తుడుచుకుని రైతుకు ఫోన్ చేసి రావద్దంది.

కింద ఆకుల ముందు కూర్చున్నాం. వడ కొరికిన ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"ఉప్పు ఏసితివారా?"

"రుబ్బినప్పుడే ఏసినా."

"నేనూ ఏసినానే, కాల్చే ముందర!"

తర్వాత ఆమె నా ఆకు వైపు చూసింది. వడ అలాగే ఉంది.

"ఏమప్పా మరిదీ, నువ్వేల తినలే?"

అన్నం కలుపుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆమె తన వడను కుక్కకు వేసింది. అది వాసన చూసి, ఆమె ముఖం చూసి, వచ్చి నా వెనక పడుకుంది.

"రైతును మళ్ళీ పిలవాల్నా అక్కా?" అన్నాడు బావమరిది.

"కాకి ముందర మాట ఇచ్చినాను కదరా, ఎట్లా పిలిచేది?" అని నా ఆకులో పెరుగు వేసింది. "తిను. నీకు ఉప్పు తక్కువైంటుంది."