ఆన్ నాకు, ఆఫ్ నా కొడుకుకు

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నేను ఈ రోజు ఒక మనిషిని అబద్ధాలకోరు అన్నాను.

మా బత్తాయి తోటలో మోటరు ఆన్ అయినా, ఆఫ్ అయినా నాకు తెలియాలని మనవరాలు శ్రావణి పాత కంప్యూటర్లో, కంటైనర్ అనే విడి అరలో, సందేశాలు అందుకుని ఫోన్లకు చేరవేసే మెసేజ్ బ్రోకర్ అనే ప్రోగ్రామును పెట్టింది. మోటరు స్టార్టర్ డబ్బా ఒక ప్రోటోకాల్‌లో, అంటే ఒక భాషలో, నా ఫోన్ మరో ప్రోటోకాల్‌లో మాట్లాడినా దానికి రెండూ అర్థమవుతాయట. వచ్చిన ప్రతి సందేశాన్నీ టైముతో సహా రాసుకున్నాను.

మూడు రోజులుగా ‘ఆన్’లే వచ్చాయి, ఒక్క ‘ఆఫ్’ కూడా రాలేదు. పొద్దున కూలీలందరి ముందు తోట చూసే యాదగిరిని నిలదీశాను.

“రోజూ బందు చేస్తనే ఉన్న టీచరమ్మా. డబ్బా మాట నమ్ముతవు, నా మాట నమ్మవా?” అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చూస్తే ‘ఆఫ్’లన్నీ నా కొడుకు ఫోన్లో ఉన్నాయి. శ్రావణి నాతో చెప్పకుండా ఆ ఫోన్‌నూ నా ఫోన్ ఉన్న క్యూకే, అంటే బ్రోకర్‌లోని సందేశాల వరుసకే, కలిపింది. క్యూలో ఒక సందేశం ఒక్కరికే వెళ్తుందట. ఒకటి నాకు, తర్వాతది వాడికి.

“నాయినకు గూడ తెల్వాలని కలిపిన అవ్వా. గిట్ల పంచుతదనుకోలే.”

“కలిపినట్టు నాకెందుకు చెప్పలే?”

శ్రావణి కంప్యూటర్ వైపు తిరిగింది. నా కొడుకేమో, “నీకు గూడ వస్తున్నయనుకున్న” అన్నాడు.

సాయంత్రం యాదగిరి ఇంటికి వెళ్లి తప్పు నాదేనన్నాను. మంచినీళ్లిచ్చాడు కానీ కూర్చోమనలేదు.

బ్రోకర్‌ను శ్రావణి పది నిమిషాల్లో సరిచేసింది. యాదగిరి విషయంలో ఏం చేయాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా ఇంట్లోవాళ్లను మాత్రం అడగను.