ఓడిన మర్నాడు పాలు పోయడానికి పోయిన మా అత్త

పోయిన ఆదివారం మా అత్త చనిపోయింది. నేను కేజీఎఫ్‌లో మా అమ్మ దగ్గర ఉన్నాను. చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పొయ్యింది, బయల్దేరి రా" అన్నాడు. పొద్దున పాలు పిండి, ఆవు ముందు గడ్డి వేసి, కొట్టం గోడకు ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. ముళబాగిలు బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఆమె గొంతే వినపడుతూ వచ్చింది.

మా అత్త ఏ పదవిలోనూ లేదు. గౌనిపల్లి దగ్గర ఒక చిన్న పల్లెలో ఇల్లు, రెండు జెర్సీ సీమావులు, కాస్త మామిడి తోట. అంతే ఆమె లోకం. మా పుట్టింటివాళ్ళది కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేసిన క్రైస్తవ కుటుంబం. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను చర్చికి పోవడం గురించి ఇరుగుపొరుగు అడిగితే, ఆమె రాగిపిండి జల్లిస్తూ తల ఎత్తకుండానే, "ఆ పిల్ల దేవుడు ఆ పిల్లకి. దాంట్లో మనకేం పని?" అంది. ఆదివారం పొద్దున బస్సు తప్పిపోతుందని నన్ను తొందరపెట్టేది కూడా ఆమే.

ఓటు రోజు వచ్చిందంటే ఆమెకు పండగ. తలంటుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, ఎండ రాకముందే బడి దగ్గర వరసలో నిలబడేది. వచ్చినాక వేలి మీది సిరా అందరికీ చూపించేది. ఒకసారి కొట్టంలో ఆవుకు కూడా చూపిస్తుంటే నేను చూసి నవ్వాను. "దానికి ఓటు లేదు కదా పాపా, చూడనీ" అంది.

మా ఊరి పాల డైరీ ఆడవాళ్ళ సహకార సంఘానిది. పేరుకు ఎన్నిక ఉన్నా పోటీ ఉండేది కాదు. పెద్దింటి ఆమే ప్రతిసారీ అధ్యక్షురాలు. ఒక ఏడాది పాలలో వెన్న శాతం చూసే మిషను చెడిపోయింది. చిక్కటి పాలు పోసినా, నీళ్ళలాంటి పాలు పోసినా అందరికీ ఒకటే ధర. మీటింగులో మా అత్త లేచి అడిగింది. అడిగినందుకు కొందరు నవ్వారు. ఆ వారమే ఆమె ఎన్నికకు నిలబడతానని చెప్పేసింది.

ఊరి పెద్దలు ఇంటికి వచ్చారు. ముందు కూర్చున్నది మా మామగారి తమ్ముడే, మా చిన్నమామగారు. ఇన్నేళ్ళుగా ఊరు శాంతిగా ఉందనీ, పోటీ పెడితే రెండుగా చీలిపోతుందనీ నెమ్మదిగా నచ్చజెప్పారు. మా అత్త అందరికీ కాఫీ ఇచ్చి, తాను గడప దగ్గర కూర్చుని అంతా విన్నది.

"గలాటా లేకుంటే శాంతి అంటావా అప్పా? నోరు మూసుకోనుండేది శాంతి కాదు, భయం. నేను ఎవుర్నీ తిట్టను. నిలబడతా, అంతే."

చిన్నమామగారు కాఫీ సగంలో వదిలి లేచిపోయారు. ఆ రోజు నుంచి ఆయన మా గడప తొక్కలేదు. ఆ బాధ ఆమెకు చాలా ఉండేదని నాకు తెలుసు. ఆయనకు ఇష్టమని మామిడికాయ పచ్చడి విడిగా తీసి పెట్టి, చివరికి నా చేత పంపించేది.

ఎన్నిక జరిగింది. మా అత్త ఓడిపోయింది. ఆ సాయంత్రం మా ఆయన కోపం పట్టలేక, ఇక డైరీకి పాలు వద్దు, ప్రైవేటు వ్యానుకు పోద్దాం అన్నాడు. మాకు ఓటు వేసిన ఇళ్ళవాళ్ళూ అదే మాట మీద ఉన్నారు. ఆమె మాత్రం తెల్లవారగానే పాలు పిండి క్యాను చంకన పెట్టుకుని బయల్దేరింది. గొడవ అవుతుందేమోనని భయపడి నేనూ వెంట పోయాను.

డైరీ ముందు పెద్దింటి ఆమె నిలబడి ఉంది. మా అత్త నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

"గెలిచినావు కదమ్మా, సంతోషం. ఇంగ ఆ మిషను సరి చేయించు. చేయించేదాకా అడుగుతానే ఉంటా."

పెద్దింటి ఆమె "చేయిస్తాలేక్కా" అంది. మాకు ఓటు వేసినవాళ్ళు ఒక్కొక్కరుగా క్యాన్లు తెచ్చుకున్నారు. ఆ నెలలోనే మిషను బాగయింది. మంచి మేత వేసినవాళ్ళకు మంచి ధర రావడంతో ఊళ్ళో మేత వేసే తీరే మారింది. కొందరు ఇంకో ఆవును కొన్నారు. మా ఎదురింటి ఆమె పాల డబ్బుతోనే కూతుర్ని కోలారులో నర్సింగు చదివించింది.

ఆ తర్వాత ఏ ఎన్నికా పోటీ లేకుండా జరగలేదు. మా అత్త ఇంకోసారి నిలబడి ఇంకోసారి ఓడింది. ఆమే పెద్దింటి ఆమే స్నేహితులయ్యారని చెప్పలేను. ప్రతి మీటింగులోనూ వాదించుకునేవాళ్ళు. ఒక ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి బూందీ పంచుతుండగానే మా అత్త దాణా సంగతి ఎత్తింది. ఈ రోజైనా ఊరుకోరాదా అని నేను గొణిగాను. "స్వతంత్రమంటే యాందనుకున్నావు పాపా? నీ మాట తప్పని నీ ముందరే చెప్పల్ల. చెప్పినంక నీ ఇంట్లోనే కాఫీ తాగల్ల" అని, అన్నట్టే పెద్దింటికి పోయి తాగి వచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి చిన్నమామగారు శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు. అన్నేళ్ళ తర్వాత మా గడప దాటి వచ్చారు. పాడె ఎత్తేటప్పుడు ముందు ఆయనే భుజం పెట్టారు.

ఊరి చివరి దాకా ఆడవాళ్ళమూ నడిచాం. డైరీ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం పాలవేళ అయింది. పెద్దింటి ఆమె లోపలి నుంచి వచ్చి మాతో కలిసింది. వరసలో ఉన్నవాళ్ళు క్యాన్లు నేల మీద పెట్టి ఆమె వెనకే వచ్చారు. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. డైరీ ముందు మనుషులెవరూ లేరు. మూతలు పెట్టిన క్యాన్లు మాత్రం, ఎవరి వంతు వాళ్ళకు పట్టి ఉంచి, వరసగా నిలబడి ఉన్నాయి.