నడిచే ఆటను ఆపినవాళ్ళం

పోయిన ఆదివారం కంకిపాడులో మా తమ్ముడింట్లో ఉన్నాను. వాడు కొత్తగా కొనుక్కున్న గేమింగ్ మిషన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు చేతుల్తో పట్టుకుని ఆడుకునే రకం అది, లోపల నడిచేది విండోస్ కాదు, లినక్స్. ఏదో పెద్ద ఆట డౌన్‌లోడ్ అయ్యేదాకా దాని బుల్లి ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది. తీరా ఆట తెరవబోతే 'టింగ్'మని చప్పుడు, తెర మీద ఒక వాక్యం: సాంకేతిక కారణాల వల్ల ఈ ఆట మీ సిస్టమ్‌లో నడవదు. "నా మిషనే పనికిమాలిందేమో అక్కా" అన్నాడు వాడు మొహం వేలాడేసుకుని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దానికేం రోగం లేదురా! ఆ రాసినవాళ్ళకుంది రోగం" అని అరిచాను. వంటింట్లోంచి మరదలు కంగారుగా వచ్చింది. అలాంటి వాక్యాలు ఎలా పుడతాయో, ఏ మీటింగులో పుడతాయో నాకు తెలుసు. ఒకటి నేనూ రాశాను. నాకు పని నేర్పిన నాగమణి మేడం దాన్ని రాయనంటే, ఆవిడ బదులు కూర్చుని నేను రాశాను.

గుణదలలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ, మొత్తం ఆరుగురం. నాగమణి మేడం మాకు లీడ్. కొల్లేటి పక్క ఊరు ఆవిడది, ఇంటిల్లిపాదిదీ చేపల వ్యాపారం. అప్పుడు మేం చేస్తున్నది డెల్టా కాలవల్లో పడవల పందెం. చేరిన వారానికే నేను ప్రోగ్రాం రాసిన పడవని ఆవిడకి చూపించాను, మెచ్చుకుంటారనుకుని. "ఇదేంటమ్మా సుధా, పడవా క్యారమ్ బోర్డు కాయినా? సర్రున జారిపోతోంది!" అన్నారు. నేను బిక్కమొహం వేశాను. ఆవిడ బాత్రూములోంచి బకెట్టుతో నీళ్ళు తెచ్చి, తన టిఫిన్ గిన్నె అందులో వదిలి, ఒక పక్కన తాళాలగుత్తి పెట్టారు. "ఎటు ఒరిగింది? ఎంతసేపు ఊగింది? అది చూసి రాయి. నీకు తోచింది రాయకు." ఆ మధ్యాహ్నమంతా బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నాను. మావాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. సాయంత్రానికి నా పడవ నీళ్ళ మీద తేలింది.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. ఆట అమ్మే పేజీలో అందరూ గొప్పలు రాస్తారు కదా, ఆవిడ మొదట లోపాలు రాయించేవారు. పాత కంప్యూటర్లలో వాన పడే చోట ఆట నెమ్మదిస్తుంది, ఫలానా చోట పడవ గట్టుకి ఇరుక్కుంటుంది, ఇలా. "ఎవరన్నా తమ సరుకుని తామే తిట్టుకుంటారా మేడం?" అని నేను నొచ్చుకున్నాను. "మా అమ్మ బజార్లో గంప దించగానే, ఎవరూ అడక్కముందే చేప మొప్ప ఎత్తి చూపించేది. ఎర్రగా ఉంటే ఎర్రగా, పాలిపోయుంటే పాలిపోయినట్టే. చూసుకుని కొన్నవాడు మళ్ళీ మన దగ్గరికే వస్తాడమ్మా" అన్నారు. ఆ పేజీ చదివి కొన్నవాళ్ళు నిజంగానే మాకు చుట్టాల్లా ఉత్తరాలు రాసేవాళ్ళు.

అలా రాసేవాళ్ళలో చల్లపల్లి ఆంజనేయులు గారొకరు. ఆయనది నెట్ సెంటరు. దరఖాస్తులు నింపిపెట్టడం, జెరాక్సులు తీయడం, సెలవుల్లో పిల్లలచేత ఆటలాడించడం. ఆయన పాత కంప్యూటర్లకి కొత్త విండోస్ ఎక్కనంది. శుభ్రంగా పనిచేస్తున్న పది మిషన్లని పాత ఇనుప సామానుకి వెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. తనే చూసి నేర్చుకుని, ఎవరైనా ఉచితంగా పెట్టుకోగల లినక్స్ వాటికి ఎక్కించుకున్నారు. మా ఆటకి లినక్స్ వెర్షన్ కూడా ఉండేది కాబట్టి, పది మిషన్లకీ పది కాపీలు కొన్నారు. ఒకసారి ఆయన ఫిర్యాదు పంపారు: పదిమందీ కలిసి ఆడితే ఆఖరి పడవ మునిగిపోతోందని. "ఈ లినక్స్ వాళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే" అని పక్కన పడేశాను. మేడం దాన్ని తీసి విండోస్ మిషన్ల మీద ఆడించి చూశారు. అక్కడా మునిగింది. తప్పు నేను రాసిన లెక్కలో ఉంది. "గోల కాదమ్మా, మన పని ఆయన చేసిపెట్టాడు. ఫోన్ చేసి తప్పు మనదేనని చెప్పు." సిగ్గుతో చచ్చిపోతూ చేశాను. ఆయన ఫోన్లో పెద్దగా నవ్వారు. "మునిగితే మునిగింది గానీ, మా పిల్లలకి ఈత వచ్చేసిందండీ!" అన్నారు.

తరవాతి ఏడాది ఒక పెద్ద కంపెనీ మమ్మల్ని కొనేసింది. వాళ్ళ మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆటలో మోసాలు చేసేవాళ్ళని పట్టుకునే కాపలా ప్రోగ్రాం ఒకటి మా ఆటకి తగిలించాలన్నాడు. ఆ కాపలా లినక్స్‌లోనూ పనిచేస్తుంది. ఒప్పందంలో ఒక గడిలో టిక్కు పెడితే చాలు, ఆట ఎప్పట్లాగే నడుస్తుంది. ఆయన ఆ టిక్కు పెట్టనన్నాడు. "లినక్స్ వాళ్ళు ఎంతమంది మేడం? గుప్పెడు. వాళ్ళ కోసం ఇంకో సపోర్ట్ టీమా? ఇది బిజినెస్ డెసిషన్ అండీ."

"బిజినెస్ అయితే బిజినెస్ అనే చెప్పండి" అన్నారు నాగమణి మేడం. "కొత్తవాళ్ళకి అమ్మకండి, నేను కాదనను. కొనుక్కున్నవాళ్ళకి పాత వెర్షన్ వదిలెయ్యండి. ఒకే గదిలో కూర్చుని ఆడుకునే పిల్లలకి కాపలా ఎందుకు?"

"పాతది వదిలితే దానికీ మనమే జవాబు చెప్పాలి కదండీ."

"చెప్తామనే కదా అమ్మాం?"

ఆయన లాప్‌టాప్‌లోకి చూస్తూ, నోటీసులో మాత్రం సాంకేతిక కారణాలు అనే రాయాలి, బిజినెస్ అంటే జనం తిడతారు అన్నాడు. "తిట్టనివ్వండి, పడదాం. చేసింది మనమేగా! ఆట ఆపే హక్కు మీకుంది. నడిచేదాన్ని నడవదని చెప్పే హక్కు మీకెవరిచ్చారు?" ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినని గొంతది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చూశాం గానీ, ఆడేవాళ్ళ చేతిలోంచి మద్దెల లాక్కుని ఓడనేవాళ్ళని అప్పుడే చూశాను.

మేడం రాయనన్నారు. ఆయన నా వైపు తిరిగాడు. "మీరు రాస్తారా సుధ గారూ? రేపట్నించి టీమ్‌ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా." ఉద్యోగం పోతుందన్న భయంతో రాశానని చాన్నాళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. నాకు ఆ కుర్చీ మీద ఆశ పుట్టింది. నాలుగు లైన్లు, పావుగంట. మేడం నా వెనక నిలబడి చదివారు. "మొప్పలకి రంగు పూసి అమ్మేవాళ్ళు మా బజార్లోనూ ఉండేవాళ్ళు సుధా. మా అమ్మ వాళ్ళ పక్కన గంప దించేది కాదు" అన్నారు. టిఫిన్ గిన్నె సంచీలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నాకు సిగ్గుకి బదులు కోపం వచ్చింది. ఆవిడకేం, కొల్లేటి గట్టున చేపల చెరువులున్నాయి, ఉద్యోగం మానేసినా గడుస్తుంది అనుకున్నాను. ఎంత నీచంగా ఆలోచించానో రాస్తుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఒక ఉదయం అప్‌డేట్ వెళ్ళింది, చల్లపల్లిలో పది మిషన్లూ ఆగిపోయాయి. పదకొండో రోజున ఆంజనేయులు గారు బస్సెక్కి మా ఆఫీసుకొచ్చారు. దెబ్బలాడతారని గుండె దిటవు చేసుకుని వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. "సాంకేతిక కారణమైతే మీరు మాత్రం ఏం చేస్తారులెండమ్మా. మీరూ దాని మీదే తంటాలు పడుతుంటారని, నాకు చేతనైంది నేనూ చూశాను" అంటూ ఒక లాంగ్ నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. ఏ మిషన్‌లో ఏం మార్చి చూశారో, ఏమని వచ్చిందో, గీతలు కొట్టి వరసగా రాసుకొచ్చారు. లేని తప్పు కోసం పదకొండు రోజులు వెతికారాయన. "పిల్లలు నేనే ఏదో కెలికి పాడుచేశానంటున్నారండీ" అని నవ్వబోయారు. అప్పుడైనా చెప్పొచ్చు. వెనక గదిలో మేనేజరున్నాడు. "చూస్తామండీ" అన్నాను. కాఫీ తాగమన్నాను. బస్సు టైమైందని ఆయన వెళ్ళిపోయారు.

ఆ నోట్‌బుక్ పట్టుకుని బయటికొచ్చాను. మెట్ల మీద నిలబడి నాగమణి మేడంకి ఫోన్ చేశాను, ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. "ఆయనకి చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నావమ్మా? నేను కొన్నానా ఆట?" అని పెట్టేశారు.

మర్నాడు సెలవు పెట్టి చల్లపల్లి వెళ్ళాను. ఆంజనేయులు గారు ఎవరికో ఆధార్ కార్డు జెరాక్స్ తీస్తున్నారు. "మీ మిషన్లలో ఏ తప్పూ లేదండీ. ఆట నడుస్తుంది. మేమే ఆపాం. సాంకేతిక కారణాలని రాసింది నేనే" అన్నాను ఒక్క గుక్కలో. ఆయన కాగితం అందుకుని, కత్తిరించి, ఆ మనిషికిచ్చి పంపేశారు. తరవాత నెమ్మదిగా అన్నారు: "ఈ ముక్క మొదటిరోజే చెప్తే సరిపోయేది కదమ్మా. వేరే ఆట చూసుకునేవాణ్ని." నేను నోట్‌బుక్ తిరిగి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. "మీ కోసం రాసింది, మీరే ఉంచుకోండి" అని ఇంకో దరఖాస్తు పనిలో పడ్డారు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. ఆ కంపెనీ వదిలేశాను. ఇప్పుడు పనిచేసే చోట ఏదన్నా ఆపాల్సొస్తే 'మేమే ఆపుతున్నాం, కారణం ఇదీ' అని రాస్తాను. అందుకు రెండుసార్లు చీవాట్లు తిన్నాను, ఇంకా తింటాను. చల్లపల్లి వెళ్ళొచ్చానని చెప్పినప్పుడు మేడం "మంచిపని చేశావు, అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగారు. నోట్‌బుక్ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. అది నా దగ్గరే ఉంది. ముప్ఫై ఎనిమిది పేజీలు రాసి, చివర గీత కొట్టి, ఆయన తన అక్షరాలతో ఒక మాట రాసుకున్నారు: 'అన్నీ చూశాను. తప్పు నా వైపే ఉండొచ్చు.'