కుక్క పేరుంది, నా పేరు లేదు

ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లు లేకుండా పని కానిచ్చేయడం బెంగళూరు మారతహళ్ళిలో మా కంపెనీ నాకు నేర్పిన విద్య. జీతంతో పాటు ఉచితంగా వచ్చింది కాబట్టి వాడుకుంటున్నాను.

మేము వీడియో గేములు చేయం. చేసేవాళ్ళకు కావలసిన కుర్చీలు, తలుపులు, గోడలు, గిన్నెలు కంప్యూటర్లో తయారుచేసి పంపుతాం. ఆ ఏడాది మా క్లయింటు స్పెయిన్‌లో సముద్రం పక్కనున్న ఒక చిన్న స్టూడియో. ఒక ముసలావిడ తను పెరిగిన వీధికి తిరిగొచ్చి, పోయిన తాళంచెవి కోసం ఇల్లిల్లూ వెతికే ఆట అది. తుపాకులు లేవు, చావులు లేవు. ఇట్లాంటివి ఎవరు కొంటారని మా మేనేజరు మొదటిరోజే జాలిపడి, ఆ వీధి మొత్తం నాకు అప్పజెప్పాడు. నేను స్పెయిన్ ఎప్పుడూ చూడలేదు. అనంతపురంలో మా వీధి చూశాను. ఎండా, సున్నం గోడలూ, మధ్యాహ్నం మూసుకునే తలుపులూ ఎక్కడైనా ఒకటే కదా అని ధైర్యం చేశాను.

ఆ ధైర్యంతోనే ప్రతి గుమ్మం బయటా చెప్పులు పెట్టాను. ఇంట్లో మనుషులున్నారని తెలియాలంటే గుమ్మం ముందు చెప్పులుండాలి, ఇందులో ఆలోచించడానికేముంది? వారం వారం జరిగే వీడియో కాల్‌లో అక్కడి ఆర్ట్ డైరెక్టరు వాటిని చాలాసేపు చూసింది. ఆవిడకు నా వయసే ఉంటుంది. "వీళ్ళంతా చెప్పులు వదిలేసి ఎక్కడికి పారిపోయారు?" అని అడిగింది. వాళ్ళు చెప్పులతోనే ఇల్లంతా తిరుగుతారట. మన ఆచారం వివరిస్తే నవ్వి, అన్నీ తీసేయమంది, ముసలావిడ గుమ్మం ముందు మాత్రం ఒక జత ఉంచమంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. అప్పుడు నాకు ఐదో నెల. కాల్ మొదలవగానే ముందు కడుపులో బిడ్డ ఎలా ఉందని, తర్వాత గోడలెలా ఉన్నాయని అడిగేది. మా మేనేజరు టైము వృథా కాకూడదని రెండో ప్రశ్న ఒక్కటే అడిగేవాడు.

పని ముగింపుకొస్తుండగా వాళ్ళ పాత ఆట ఒకటి ఇంట్లో ఆడి చూశాను. చివర తెర మీద పేర్లు పైకి జరుగుతూ వచ్చాయి. బొమ్మలు వేసినవాళ్ళు, పాట కట్టినవాళ్ళు, లెక్కలు చూసినవాళ్ళు. తర్వాత, ఎక్కడో వేరే దేశంలో పనిచేసిపెట్టిన ఒక కంపెనీ పేరు, ఒక్క ముక్క. అందులో ఎవరెవరు కళ్ళు పోగొట్టుకున్నారో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత, ఆట తయారవుతుండగా ఆఫీసువాళ్ళకు పుట్టిన పిల్లల పేర్లు. ఈ రంగంలో అదొక ఆనవాయితీ. అందరి కంటే చివర స్టూడియో కుక్క పేరు. దాని ఉద్యోగం సోఫా మీద నిద్రపోవడమని పక్కనే రాశారు. శ్రద్ధగానే చేసుంటుంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఆ వీధి కట్టింది నేను. నా పేరు అక్కడ లేకపోతే తట్టుకోలేనని అప్పుడే తెలిసింది.

డైరెక్టరును అడిగాను. "మాకు సంతోషమే, మీ కంపెనీని పేర్లు పంపమనండి," అంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి, అంటే మా మేనేజరు, అద్దాల గదిలో ఉంటాడు. బెంగళూరు శివార్లలో బొమ్మసంద్ర వైపు పుట్టి పెరిగిన తెలుగాయన, మాట వెన్నలా ఉంటుంది.

"పేర్లు ఇచ్చేస్తే ఎట్లమ్మా? రేపు ఇంకో కంపెనీవాడు చూసి మిమ్మల్ని ఎత్తుకొని పోతాడు. కాంట్రాక్ట్‌లో క్లియర్‌గా ఉండాది, ఓన్లీ కంపెనీ నేమ్."

"వాళ్ళ కుక్క పేరు కూడా ఉండాది సార్."

"కుక్కను ఎవురూ ఎత్తుకొని పోరు కదమ్మా. మనమంతా ఒక ఫ్యామిలీ. ఫ్యామిలీ పేరు ఉంటే అందరి పేరూ ఉన్నట్లే."

సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్ళు మండిపోయింది. అయినా "సరే సార్" అన్నాను, ఎందుకంటే ప్రసూతి సెలవు మంజూరు చేయాల్సిందీ ఆయనే. సెలవు మీద వెళ్ళే రోజు ఆ ఫ్యామిలీ నాకోసం కేకు తెప్పించింది. కేకు మీద కూడా కంపెనీ పేరే ఉంది.

సంగతి డైరెక్టరుకు చెప్పాను. కాంట్రాక్టు తీసి చదువుకుని, "మీ మేనేజరు చాలా జాగ్రత్త గల మనిషి," అని ఊరుకుంది. ఆశ వదిలేసుకున్నాను.

పాప పుట్టాక డైరెక్టరుకు ఫోటో పంపితే, పేరేమిటి, రెండు ఇంటిపేర్లూ కలిపి రాయమని అడిగింది. వాళ్ళలో బిడ్డ పేరు వెనక తండ్రి ఇంటిపేరు, దాని వెనక తల్లి ఇంటిపేరు వస్తాయట. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదట. మాకు తండ్రిది ఒక్కటే వస్తుందని రాశాను. "అయినా మీది కూడా చెప్పండి," అంది. బాలింతను, ఎందుకని అడిగే ఓపిక లేక పంపేశాను.

ఆట విడుదలైన ఆదివారం పాపను ఒళ్ళో వేసుకుని, మా ఆయన చేత చివరిదాకా ఆడించాను. పేర్లు మొదలయ్యాయి. అందరి పేర్లూ వెళ్ళాక మా కంపెనీ పేరు, చిన్న అక్షరాల్లో. నేను లేవబోయాను.

"కూర్చో, ఇంకా వస్తా ఉండాది," అన్నాడు మా ఆయన.

పిల్లల పేర్లు వచ్చాయి. వాటిలో మా పాప పేరు. దాని వెనక మా ఆయన ఇంటిపేరు. దాని వెనక నా ఇంటిపేరు, పెళ్ళిలో పుట్టింట్లోనే వదిలేసి రమ్మన్న నా ఇంటిపేరు. వీధి కట్టిన మనిషి లేదు. ఒక్క ఇటుక కూడా పెట్టని పిల్ల, పాలు తాగడం తప్ప ఏ పనీ చేయని పిల్ల, తల్లిని కూడా వెంటబెట్టుకుని తెర మీద పైకి పోతోంది. నాకు ఏడుపాగలేదు. అంత సంతోషం కాన్పు రోజున కూడా కలగలేదని చెబితే మా అమ్మ తిడుతుంది.

మర్నాడు మేనేజరు ఫోన్ చేశాడు.

"కంగ్రాట్స్ అమ్మా. పిల్లల గురించి కాంట్రాక్ట్‌లో ఏమీ లేదంట, లీగల్‌వాళ్ళు చూసినారు. నెక్స్ట్ ప్రాజెక్ట్ నుంచి అది కూడా యాడ్ చేస్తా ఉండాం."

"చేయండి సార్. మా పాపది మాత్రం ఇంక తీసేయలేరు కదా?"

ఆయన నా సెలవు ఎప్పటికి అయిపోతుందని అడిగాడు.