నేను కలిపిన రెండు గడియారాలు

ఆ రోజుల్లో మా ఉప్పుగూడలో ఎవరి టైము వారిదే. మా ఇంటి గోడ గడియారానికీ, పక్కింటి వాళ్ల అలారానికీ, రైల్వే స్టేషన్ గడియారానికీ ఏనాడూ కుదరలేదు. దాని గురించి ఎవరూ ఫికరు పడనూ లేదు. పది నిమిషాలు అటూ ఇటూ అయినా రైలు వచ్చేది, పప్పు ఉడికేది. అలాంటి చోట సెకండ్లు పట్టుకుని వేలాడినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. డిప్లొమా చదివి, ఇరవై మూడేళ్లకే ఒక సర్కారు ఫ్యాక్టరీలో మీటర్లు చూసే విభాగంలో కుదిరినవాణ్ణి మరి. ప్యాసైనందుకు మా బావ కొత్త చేతి గడియారం కొనిచ్చాడు. అది నలుగురి కళ్లలో పడాలని (చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది) నిండు చేతుల చొక్కా వేసుకుని, ఎడమ చెయ్యి ఒక్కటే మోచేతి దాకా మడిచి తిరిగేవాణ్ణి.

మా ఫ్యాక్టరీలో రెండు కంట్రోల్ రూములు ఉండేవి. ఒకటి ఆవిరి పుట్టించే బాయిలర్లది. రెండోది, ఆ ఆవిరితో కరెంటు తీసి ఫ్యాక్టరీకంతా పంచే పవర్ హౌస్‌ది. ఒక్కో గదిలో గోడ మీద ఒక పెద్ద గడియారం. అది తన గదిలోని మీటర్లన్నిటికీ తీగల గుండా టైము అందిస్తే, అవి కాగితపు చుట్టల మీద సిరా గీతలు గీస్తూ ఏ నిమిషాన ఏం జరిగిందో నమోదు చేసేవి. ఈ గదికీ ఆ గదికీ మధ్య మాత్రం ఒక్క తీగ కూడా లేదు. పవర్ హౌస్ పెద్ద ఒప్పుకోలేదు. ఆయన మొలకు తాళాల గుత్తి వేలాడేది గనక అందరం తాళాల సారు అనేవాళ్లం. తీగ మాట ఎత్తితే చాలు, "నీ తీగ వెంబడి నీ బాయిలర్ రోగాలన్నీ నా దిక్కు వస్తయ్ మియా" అనేవాడు. (ఆ భయంలో న్యాయం ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.) కాబట్టి ప్రతి సోమవారం ఎవరో ఒకరు ఒక గదిలోంచి ఇంకో గదికి టైమును మోసుకెళ్లి రెండు గడియారాలనూ కలపాలి. ఆ పని నాకు అప్పగించారు. పవర్ హౌస్ గడియారం ముందు నిలబడి, నా చేతి గడియారం కీ బయటికి లాగి, ముళ్లు దానితో సరిచేసి, కీ లోపలికి నొక్కి, నాలుగు నిమిషాలు నడిచి వెళ్లి, బాయిలర్ గడియారాన్ని నా గడియారంతో కలపడం. ఇంతే పని. నేను మాత్రం సూర్యచంద్రులను నడిపిస్తున్నంత గంభీరంగా నడిచేవాణ్ణి.

అలా మొదటిసారి కలిపిన మర్నాడే బాపు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. బాపు అంటే బాయిలర్ ఆపరేటర్. ముప్పై ఏళ్ల సర్వీసు, ఇంకో ఆరు నెలల్లో రిటైర్మెంటు. దబీర్‌పురా నుంచి వచ్చేవాడు. "బిడ్డా, సైరన్ కూసినప్పుడు చూస్తే నా గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకున్నది. ఒక్కసారి వచ్చి చూస్తవా?" అన్నాడు. నేను లేవలేదు. కుర్చీలో కూర్చునే ఉపన్యాసం ఇచ్చాను. సైరన్ మోగించేది మనిషి అనీ, మనిషికి తుమ్ము వస్తుందనీ, నిద్ర వస్తుందనీ, గడియారానికి అవేమీ రావనీ వివరించాను. బాపు మొత్తం విని, "సరే బిడ్డా" అని వెళ్లిపోయాడు. పాపం, నా మాటలకు ఒప్పుకున్నాడనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది. కరెంటు లేదు, ఆవిరి లేదు. మర్నాడు ఫ్యాక్టరీ పెద్దసారు విచారణకు కూర్చున్నాడు. బాయిలర్ కాగితం మీద అది ఆగిన టైము రెండూ పది. పవర్ హౌస్ కాగితం మీద కరెంటు పోయిన టైము రెండూ పద్నాలుగు. అంటే ముందు బాయిలర్ ఆగింది, ఆవిరి అందక తర్వాత కరెంటు పోయింది. తప్పు బాయిలర్ వాళ్లది. బాపు లేచి, "నా కండ్లతోని చూసిన సార్. ముందు లైట్లు పోయినయ్, బాయిలర్ మంటకు గాలి కొట్టే పంకాలు ఆగినయ్, ఆ వెనుకనే బాయిలర్ ఆగింది" అన్నాడు. పెద్దసారు నా వైపు తిరిగి, రెండు గడియారాలూ కలిసే ఉన్నాయా అని అడిగాడు. నేను చొక్కా చేతి మడత ఇంకొంచెం పైకి లాగి, "సెకండు తేడా లేదు సార్. నేనే స్వయంగా కలిపిన" అన్నాను. దానితో బాపు డ్యూటీలో నిద్రపోయాడని తేలిపోయింది. శనివారం ఛార్జిషీటు ఇస్తామన్నారు. బాపు నన్ను ఒకసారి చూశాడు. మంగళవారం నాతో అన్న మాట అక్కడ ఎత్తలేదు.

శనివారం పొద్దున రేడియోలో వార్తల ముందు కూత వినపడగానే, వారానికోసారి చేసే అలవాటు ప్రకారం నా గడియారం కీ లాగి, నాలుగు నిమిషాలు వెనకున్న ముళ్లు సరిచేశాను. ఇంతలో అమ్మ పొయ్యి మీది నీళ్లు దింపమని పిలిచింది. తిరిగి వచ్చి చూస్తే గడియారం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. కీ బయట ఉన్నంతసేపూ అది నడవదు. అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం పవర్ హౌస్ దగ్గర తాళాల సారు నా చెయ్యి పట్టుకుని, "గడియారం మస్తుగున్నది మియా" అంటే, ఆ పొగడ్తకు ఉబ్బిపోయి, కీ నొక్కకుండానే బయలుదేరాను. బాయిలర్ హౌస్ గుమ్మంలో చూసుకుని, ఏమీ ఆలోచించకుండా నొక్కేశాను. నడిచిన ఆ నాలుగు నిమిషాలూ గడియారం నడవలేదు.

సైకిల్ ఎక్కాను. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి తాపీగా పోతుంటే, నోరు మూసుకుని ఊరుకోవడానికి ఎన్ని కారణాలు దొరికాయో. నాది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. కీ సంగతి ఎవరికీ తెలియదు. బాపు ఎలాగూ రిటైరైపోతాడు. ఈ చివరి కారణం తట్టగానే నా మీద నాకే అసహ్యం వేసింది. గేటు ఎత్తగానే తిన్నగా పెద్దసారు గదికి వెళ్లి, నిలబడే చెప్పేశాను. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే ఆయన రెండుసార్లు "ఏందీ?" అన్నాడు.

పన్నెండు గంటల సైరన్‌కి పెద్దసారు బాయిలర్ గడియారం ముందు, తాళాల సారు తన గడియారం ముందు నిలబడ్డారు. సైరన్ కూసింది. ఫోన్లో తాళాల సారు పన్నెండు అన్నాడు. పెద్దసారు ఎదుట పన్నెండుకు నాలుగు తక్కువ. అంటే కరెంటు, బాయిలర్ ఒకే నిమిషంలో పోయాయి. బాపు చెప్పినట్టే. ఆ సాయంత్రానికే పవర్ హౌస్‌లో కాలిపోయిన స్విచ్చి ఒకటి బయటపడింది. బాపు మీది ఛార్జిషీటు చించేశారు. నాకు మెమో ఇచ్చి, పర్మనెంటు చేయడం ఆరు నెలలు వెనక్కి జరిపారు. క్యాంటీన్‌లో నా పేరు 'నాలుగు నిమిషాలు' అయింది. నేను రిటైరయ్యే దాకా అదే.

బయటికి వస్తూ, మంగళవారం సంగతి అందరి ముందు ఎందుకు చెప్పలేదని బాపును అడిగాను. "నీది కొత్త నౌకరీ. నువ్వే చెప్తవని చూసిన" అన్నాడు. నేను చెప్పకపోతే? "ఈయాల పగటీలి సైరన్ దాకా చూసి, నేను చెప్తుంటి బిడ్డా. నాకు పించని అక్కర లేదా ఏంది?"

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నిన్న మా ఆవిడ వంటింట్లో కుళాయి కారుతోందంటే, కారే అవకాశమే లేదని పావుగంట సేపు శాస్త్రోక్తంగా నిరూపించాను. తర్వాత లేచి వెళ్లి చూశాను. కారుతోంది. ఇన్నేళ్లలో నేను బాగుపడింది అంతే, ఉపన్యాసం ఎటూ తప్పదు గానీ, అది అయ్యాక లేచి వెళ్తాను. బకెట్టు కింద పెట్టి, ఆ చొక్కా చెయ్యి మడిచిన కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకుంటుంటే, మా ఆవిడ ఎందుకని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఈసారీ పావుగంట పట్టింది.