ఒక లైసెన్సు, రెండు టీవీలు

అక్క మేవిస్ ఫోన్ ఎత్తి తిట్టడం బెరిల్‌కు అలవాటే. ఎత్తి, "ఈ ఆట అయ్యేదాకా ఆగు పిల్లా, మధ్యలో టీవీ కట్టేయమంటే నావల్ల కాదు" అనడమూ అలవాటే. అసలు ఎత్తకపోవడం మాత్రం ఎన్నడూ ఎరగదు.

ఆ ఆదివారం పొద్దున బెరిల్, ఆమె మొగుడు క్లిఫ్ ఫ్రాన్సు నుంచి ఓడలో ప్లిమత్ చేరి, మధ్యాహ్నానికి సోమర్సెట్‌లో ఒక క్యాంపు మైదానంలో తమ చక్రాల ఇల్లు, మోటర్‌హోమ్‌ను నిలిపారు. బయట సన్నగా వాన పడుతోంది. క్లిఫ్ కరెంటు తీగ తగిలించి, టీ కాచుకుని, చిన్న టీవీ ఎదుట కూర్చున్నాడు. బల్ల మీద బంతులతో ఆడే స్నూకర్‌లో రెండు రోజులు సాగే ఫైనల్ మొదలయ్యే వేళ. అయినా మీట మీద వేలు వేయలేదు. పెళ్లాం వైపు చూశాడు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని, అక్క అనుమతి కోసం కాచుకుని ఉంది.

ఈ అనుమతికి ఒక చరిత్ర ఉంది. ఆ దేశంలో టీవీ చూడాలంటే ఇంటికొక లైసెన్సు ఉండాలి. అది లేకుండా దొరికితే కోర్టు, దాని వెనకే ఊరి పత్రికలో పేరు. బెరిల్ చిన్నతనంలో లైసెన్సు లేని టీవీలను పసిగట్టే బండి వీధిలోకి వచ్చిందని పుకారు పుడితే చాలు, వాళ్లమ్మ టీవీ కట్టేసి, దీపాలార్పి, పిల్లల్ని సోఫా వెనక నక్కించేది. ఆ బండి లోపల నిజంగా ఏముండేదో పెద్దయ్యాక కూడా ఎవరికీ తెలియలేదు. భయానికి అంత వివరం అక్కర్లేదు కదా.

పెళ్లయ్యాక వాళ్లకు మేబుల్‌థార్ప్ సముద్రపు గట్టున కదలని క్యారవాన్, అంటే ఒకచోటే నిలిపిన బండి ఇల్లు ఒకటి ఉండేది. చెస్టర్‌ఫీల్డ్‌లోని తమ ఇంటి లైసెన్సు దానికీ చెల్లుతుంది, కాని రెండు చోట్లా ఒకేసారి టీవీ నడవకూడదు. అలా నడపబోమని సంతకం పెట్టారు కూడా. ఇంట్లో ఉండేది పెళ్లి చేసుకోని అక్క మేవిస్. అందుకని ఇక్కడ పెట్టబోయే ముందు అక్కడికి ఫోన్ చేసేవారు. అక్క సణుగుతూ కట్టేసేది. తరవాత క్యారవాన్ అమ్మేసి మోటర్‌హోమ్ కొన్నారు. ఆచారం సామాన్లతో పాటు బండెక్కింది. సామ్రాజ్యం కూలిన కబురు అందక సరిహద్దు కోటల్లో ఏళ్ల తరబడి కాపలా కాసిన సిపాయిల గురించి చరిత్రలో చదువుతాం. బెరిల్ కూడా అలాగే కాసింది. ఇక కాయాలా వద్దా అని ఎవర్నీ అడగాలనే తోచలేదు.

సముద్రం దాటితే ఆ లైసెన్సుకు విలువ లేదు. ఫ్రాన్సులో టీవీ తెర మీద వెంట తెచ్చుకున్న సినిమాలే వేసుకునేవారు. అనుమతి పని లేదు గనక ఫోన్ పనీ లేదు. మూడు వారాలుగా అక్కాచెల్లెళ్ల మధ్య మాట లేదన్న సంగతి బెరిల్‌కు ఇప్పుడు, ఆ ఫోన్ మోగి మోగి ఆగిపోయాక తట్టింది.

"అలిగింది," అన్నాడు క్లిఫ్. "ఎత్తితే కట్టేయమంటావని తెలుసు. ఎత్తకుండా కూర్చుని హాయిగా ఫైనల్ చూస్తోంది. నేనైనా అదే చేద్దును."

"ఎత్తి నాలుగు తిట్టకుండా ఊరుకునే మనిషా అది?"

మళ్లీ చేసింది. మళ్లీ అంతే. మేవిస్‌కు డెబ్బై తొమ్మిది. మోకాళ్లు మొండికేస్తాయి గనక ఫోన్ ఎప్పుడూ కుర్చీ చేతి మీదే పెట్టుకుంటుంది. క్లిఫ్ వేలు మీట దాకా వెళ్లింది. బెరిల్ ఆ చేతిని పట్టుకుని పక్కకు పెట్టింది.

పక్కింటి ఎరిక్ థ్రాప్‌కు చేసింది. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. ఒకప్పుడు తాళం చెవి కూడా అతని దగ్గరే ఉండేది. గులాబీ కొమ్మలు అడక్కుండా కత్తిరించాడని మేవిస్ నిరుడు లాక్కుంది.

"ఎక్కడికీ పోలేదమ్మా, ఇంట్లోనే ఉంది," అన్నాడు ఎరిక్. "టీవీ ఇక్కడికి వినిపిస్తోంది. బంతుల చప్పుడు, చప్పట్లు."

"చెప్పానా?" అన్నాడు క్లిఫ్, ఈసారి నిజంగానే ఊపిరి పీల్చుకుని.

బెరిల్ కూడా నవ్వబోయింది. సెలవు తీసుకునే ముందు, ఎంతసేపటి నుంచి నడుస్తోందని మాటవరసకు అడిగింది.

"నిన్నటి నుంచీ మోగుతూనే ఉంది. పొద్దుపోయాక మా ఆవిడ గోడ మీద కొట్టింది కూడా. కట్టలేదు మహాతల్లి."

నిప్పంటుకుంటుందన్న బెదురుతో మేవిస్ ఏ రోజూ టీవీ ప్లగ్గు పీకకుండా పడుకోదు.

"ఎరిక్, వంటింటి తలుపు అద్దం పగలగొట్టు."

"పగలగొడితే నన్ను చంపేస్తుంది."

"చంపేంత ఓపిక దానికుంటే నాకంతకంటే ఏం కావాలి? పగలగొట్టు బాబూ. ఫోన్ మాత్రం పెట్టేయకు."

అతని చెప్పుల చప్పుడు, గేటు కిర్రుమనడం, ఆ తరవాత అద్దం పగలడం వినిపించాయి. ఆ వెంటనే టీవీలో జనం చప్పట్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. ఎరిక్ మాటలు వాటిలో కలిసిపోయాయి. బెరిల్ ఏమయిందని అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. క్లిఫ్ కప్పు కింద పెట్టాడు, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నేల మీదుంది," అన్నాడు ఎరిక్ చివరికి. "కుర్చీకీ చలి కాగే పొయ్యికీ మధ్య. కాలు ఇలా తిరిగిపోయి ఉంది. ఒళ్లు మంచులా ఉందమ్మా. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఏదో అంటోంది."

"ఏమంటోంది?"

"అద్దం ఎవడు బాగు చేయిస్తాడని."

బెరిల్ అప్పుడు ఏడ్చింది.

ఎరిక్ అంబులెన్సు పిలుస్తుండగా ఇక్కడ క్లిఫ్ వానలో కరెంటు తీగ పీకి చుట్టసాగాడు. మైదానం చూసుకునే కారల్, ఇప్పుడే వచ్చి అప్పుడే పోతారేమని అడిగింది. కంగారులో అతను అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు, లైసెన్సూ ఫోన్లతో సహా.

"ఆ నియమం కదలని వాటికండీ," అంది కారల్. "చక్రాల మీద తిరిగే దానికి ఇంటి లైసెన్సే చాలు. రెండు చోట్లా ఒకేసారి చూసుకోవచ్చు. మీరు ఎవర్నీ అడగక్కర్లేదు."

క్లిఫ్ తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బండెక్కాక చెప్పాడు. బెరిల్ విని, ముందు బండి తియ్యమంది. దారి పొడుగునా బెరిల్ మనసులో అదే తిరిగింది. అడగక్కర్లేదని ముందే తెలిసి ఉంటే ఇవాళ ఫోన్ చేసి ఉండేవాళ్లు కాదు. క్లిఫ్ టీవీ పెట్టుకునేవాడు. రేపు సాయంత్రం తీరిగ్గా ఇల్లు చేరేవాళ్లు. బెరిల్ ఆలోచన అక్కడిదాకా పోయి ఆగిపోయేది.

మర్నాడు ఆసుపత్రిలో కాలి ఆపరేషను అయ్యాక మేవిస్‌ను చూడనిచ్చారు. మొహం పాలిపోయి ఉంది, నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. వార్డు గోడ మీది టీవీకి చూపు అప్పగించి పడుకుంది. బెరిల్ దాచలేక నియమం సంగతి చెప్పేసింది.

మేవిస్ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఇన్నేళ్లూ," అంది. "ఎన్ని మంచి ఆటలు నా నోటి దగ్గర లాగేసుకున్నావే."

"తెలియలేదక్కా."

"తెలిస్తే ఫోన్ చేసేదానివా?"

బెరిల్ అబద్ధమాడదామనుకుంది. కాని, తల వంచుకుంది.

"నేనూ చేసేదాన్ని కాదులే," అంది మేవిస్. నేల మీద పడి ఉన్నప్పుడు ఫోన్ కుర్చీ మీదే ఉందని, చెయ్యి చాస్తే జానెడు అందలేదని చెప్పింది. నిన్న అది మోగిందట. మోగుతున్నంతసేపూ, ఇది పట్టు వదిలే రకం కాదు, ఎవణ్ణో ఒకణ్ణి తోలుతుంది అనుకుని కళ్లు తెరుచుకునే ఉందట.

"ఇకనుంచి ఫ్రాన్సులో ఉన్నా చెయ్యి."

"చేసి ఏం మాట్లాడను?"

"నాకేం తెలుసు? ఏం వండుకున్నావో చెప్పు." మేవిస్ కళ్లు టీవీ వైపే ఉన్నాయి. "కాస్త పక్కకు జరుగు, తెర కనబడటం లేదు."

బెరిల్ కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, అక్క చెయ్యి పట్టుకుని, తనూ ఆట చూడసాగింది.