రంగప్ప ముంచిన పడవ

రంగప్ప పడవ లారీమీద బేరిగై ఊళ్లోకి వచ్చిన ఆదివారం సాయంత్రం దాని తెరచాప కొయ్య కేబుల్ టీవీ వైరుకు తగులుకుంది. వైరు తెగింది. పైవీధిలో సినిమా సగంలో ఆగిపోయింది. హీరో తల్లి బతికిందో లేదో తెలుసుకోవడానికి పైవీధి మొత్తం కిందివీధికి నడిచిపోయింది. అంతకు మించి నష్టమేమీ జరగలేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. రంగప్ప చాలా ఏళ్లుగా బెంగళూరులో చెరువు పక్కనున్న ఒక క్లబ్బు వంటింటికి క్యాబేజీ, బీన్సు వేసేవాడు. మూటలు దించాక అక్కడి తెరచాప పడవలను చూస్తూ నిలబడిపోయేవాడు. మేత లేదు, డీజిలు లేదు, గాలి తాగి తిరిగే బండి! క్లబ్బువాళ్లు ఇంజను పడవలు కొని, పాత టేకు పడవను కట్టెల డిపోకు పంపబోతుంటే ఆయనకు కడుపు మండింది. డిపోవాడితో పోటీపడి కొనేశాడు.

"సముద్రం యాడుండాది, బేరిగై యాడుండాది రంగప్పా?" అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు తిమ్మరాజు.

"సముద్రంలో ఉండేదీ నీళ్లే కదప్పా. మన చెరువులో ఉండేది ఏమి, సాంబారా?"

తోలడం రాకపోయినా కారు కొని వాకిట్లో కడిగేవాణ్ణి ఈ ఊరు ఏమీ అనదు. కరెంటు లేని ఇంట్లో ఫ్రిజ్జు పెట్టి అందులో చీరలు దాచినా అనదు. ఒక్క పడవకే అందరికీ నోళ్లు లేచాయని రంగప్ప మంట.

ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి పని మొదలుపెడితే రెండేళ్లు పట్టింది. పుచ్చిన పలకలు ఊడదీసి పనస పలకలు వేశాడు, రాగి మేకులు కొట్టాడు. సందుల్లో దూది కూరాలంటే, భార్య అంజనమ్మ దీపానికని చేసి పెట్టుకున్న వత్తులన్నీ అందులోకే పోయాయి. పైన పూయడానికి గుగ్గిలం నూనెలో కాచితే ఆమె చీరలన్నీ గుడి వాసన కొట్టాయి. పాత తెరచాప చిరుగులపుట్ట కావడంతో, ఎరుపు పసుపు చారల షామియానా గుడ్డతో కొత్తది కుట్టించాడు.

వానలకు చెరువు నిండింది. కొత్త బండికి చేసినట్టే పడవకూ కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప లోపల పెట్టి పూజ చేశారు. చక్రాలు లేవు గనక నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో పూజారికి పాలుపోక, ముందొకటి వెనకొకటి పెట్టాడు. ఊరంతా చూస్తుండగా నీళ్లలోకి తోశారు. పడవ తేలింది. తరవాత ప్రతి సందులోంచీ నీళ్లు చిమ్మాయి. మెల్లగా, మర్యాదగా దిగి, అంచు మాత్రం పైకి కనబడేలా బట్టలుతికే రేవులో కూర్చుంది.

"రంగప్పా, ఆ కొబ్బరి చిప్పనన్నా తీసుకోప్పా. అదొకటే తేలతా ఉండేది," అన్నారు గట్టుమీద నుంచి.

తిమ్మరాజు మాత్రం నవ్వలేదు. "రేవుకు అడ్డం పడిందప్పా. శుక్రవారం దాకా చూస్తాను. తీయకుంటే గొడ్డళ్లతో కొట్టించి కట్టెలకేస్తాను."

ఆ రాత్రి రంగప్ప కంచం ముందు కూర్చుని ఊరిని తిడుతుంటే అంజనమ్మకు విసుగెత్తింది. "రెండెండాకాలాలు రేకుల కింద కాల్చినావు, చెక్క ఎండి కుంచించుకపోకుండా ఉంటుందా? మా నాయన బండిచక్రం వదులైతే చెరువులో పడేసేవాడు. నీళ్లు తాగి బిగుసుకొనేది. నువ్వూ బండి తోలినోడివే కదయ్యా, ఆ మాత్రం గుర్తు రాలేదా?"

రంగప్ప తిట్టడం ఆపి సంగటి తిన్నాడు.

తెల్లారి నలుగురు జాలిపడి, ఎద్దులతో, మోకులతో రేవుకొచ్చారు. రంగప్ప పడవ అంచుమీద కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"లెయ్యప్పా, మునిగిన దోణిని లాగేస్తాం."

"మునగలేదు. నేనే ముంచినాను. నానతా ఉండాది, ముట్టొద్దు."

పాపం, అవమానానికి మతి చలించిందని చెప్పుకుంటూ వాళ్లు ఎద్దులను మళ్లించుకు పోయారు. అది విని రంగప్పకు ఇంకా ఒళ్లు మండింది. ఉతికేవాళ్లు గొణిగితే మాత్రం, వాళ్ల బండలు తానే మోసి అవతలి ఒడ్డున వేశాడు. అంజనమ్మ పొద్దుగూకే వేళ గడ్డికి పోతున్నట్టు వచ్చి, పలకల సందుల్లో వేలుపెట్టి చూసి పోయేది.

శుక్రవారం తిమ్మరాజు గొడ్డళ్లవాళ్లతో వచ్చేసరికి మొగుడూ పెళ్లాలు బక్కెట్టుతో, పాలబిందెతో నీళ్లు తోడుతున్నారు.

"తోడితే మళ్లా రావా?" అన్నాడు తిమ్మరాజు.

అంజనమ్మ ఇంకో బిందె కుమ్మరించింది. తోడినకొద్దీ పడవ లేచింది, లేచింది, చెమ్మ తప్ప లోపలికి ఏమీ రాలేదు. షామియానా గుడ్డ గాలికి పొంగింది. రంగప్ప భార్యను ఎక్కించుకుని అవతలి ఒడ్డుదాకా పోయి వచ్చాడు. గొడ్డళ్లవాళ్లు గొడ్డళ్లమీదే కూర్చుండిపోయారు.

రెండో చుట్టుకు ప్రెసిడెంటు హోదాలో తిమ్మరాజు అందరికంటే ముందు ఎక్కాడు. చెరువు నడిమధ్యకు పోయాక కిందికి చూసుకుని, "రంగప్పా, ఇంకా నీళ్లు ఊరతా ఉండాయే, నా పంచె తడిసిపోయె," అన్నాడు.

రంగప్ప తెరచాప తాడు వదలకుండానే అన్నాడు: "దానికి దప్పి తీరలేదు, నువ్వే పంచె పైకి ఎత్తుకో."